ఆగి ఉన్న లారీ, తెల్ల గీత: ఒక ప్రమాద కేసులో బాధ్యత తేల్చిన తీరు

ఆగి ఉన్న బండిని వెనక నుంచి వచ్చి గుద్దితే తప్పు గుద్దినవాడిదే అని మన దగ్గర చాలామంది నమ్ముతారు. పోలీసులు అలాగే రాస్తారు, ఊళ్లో పెద్దమనుషులు అలాగే తీర్పు చెప్పేస్తారు. కొత్తగా ప్రాక్టీసుకు వచ్చిన లాయర్లు కూడా ఎఫ్‌ఐఆర్ చదివి ఫైలు పక్కన పెట్టేస్తుంటారు. ఆ నమ్మకం వల్ల ఒక కుటుంబానికి రావలసిన పరిహారం దాదాపు చేజారిపోయింది. శ్రీకాకుళం జిల్లాలో మోటారు ప్రమాద క్లెయిములు చేసే న్యాయవాదిగా ఆ కేసును ఇక్కడ రాస్తున్నాను. మనుషుల పేర్లు, ఊళ్లు, కచ్చితమైన తేదీలు వదిలేశాను. డబ్బు లెక్కల్లో అంకెలు కాస్త సర్దాను, లెక్క కట్టే పద్ధతి మాత్రం అదే.

నేపథ్యం

చనిపోయిన వ్యక్తి తాపీ మేస్త్రి, వయసు 34. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆయన మీదే ఆధారపడి బతికేవారు. 2023 జనవరి చివర్లో, పని ముగించుకుని బావమరిదిని వెనక కూర్చోబెట్టుకుని మోటార్ సైకిల్ మీద ఇంటికి బయలుదేరాడు. టెక్కలి, పలాసల మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రి 8.50 ప్రాంతంలో ఒక గ్రానైట్ లారీని వెనక నుంచి ఢీకొట్టాడు. లారీ టైరు పేలి ఆగిపోయి ఉంది. మేస్త్రి అక్కడికక్కడే చనిపోయాడు. బావమరిదికి తొడ ఎముక విరిగింది.

ఆ లారీ క్లీనర్ ఇచ్చిన ఫిర్యాదు మీదే ఎఫ్‌ఐఆర్ నమోదైంది. "రోడ్డు మార్జిన్‌లో ఆపి ఉన్న మా లారీని మోటార్ సైకిల్ నడిపే వ్యక్తి అతివేగంగా, అజాగ్రత్తగా వచ్చి గుద్దాడు" అన్నది అందులోని మాట. నిందితుడిగా మృతుడినే చూపి, ఐపీసీ 304-ఎ (నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం) పెట్టి, నిందితుడు మరణించాడు కాబట్టి చర్య రద్దు అని కేసు మూసేశారు. లారీ డ్రైవర్ మీద ఏ కేసూ లేదు.

సమస్య

కుటుంబం నా దగ్గరికి వచ్చేసరికి ప్రమాదం జరిగి నాలుగు నెలల ఇరవై రోజులైంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, మోటారు వాహనాల చట్టం 166(3) కింద క్లెయిము ప్రమాదం జరిగిన 6 నెలల లోపు వేయాలి. ఆలస్యాన్ని మన్నించే వీలు ఆ ఉపసెక్షన్‌లో రాయలేదు. అంటే నా చేతిలో నలభై రోజులు.

మేస్త్రి భార్య కూర్చోగానే అడిగిన మొదటి మాట ఇది: "ఆగిపోయిన లారీని మావోడే ఎల్లి గుద్దీసాడని అందరూ అంటన్నారు బాబూ. మరి మనకేటైనా వస్తాదా?" పక్కనే ఉన్న తల్లి "నా కొడుకు తాగడు బాబూ" అని రెండుసార్లు అంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఊళ్లో ఆ మాట ఎవరో అని ఉంటారని, ఆవిడ గుండెలో అది ముల్లులా దిగి ఉందని నాకు అర్థమైంది.

కేసు బలహీనతలు ఇంకా ఉన్నాయి. మేస్త్రికి లైసెన్సు లేదు. లెర్నర్ లైసెన్సు గడువు తీరిపోయింది. హెల్మెట్ పెట్టుకోలేదు. మోటార్ సైకిల్‌కు ఇన్సూరెన్సు లేదు. కాబట్టి పరిహారం వస్తే లారీ వైపు నుంచే రావాలి. అటు చూస్తే లారీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు ప్రమాదానికి పదకొండు రోజుల ముందే ముగిసింది.

మొదటి నిర్ణయం: 164 లేక 166?

సవరణ తర్వాత 164 సెక్షన్ కింద, తప్పెవరిదో నిరూపించకుండానే మరణానికి 5 లక్షలు అడగవచ్చు. ఆగి ఉన్న లారీ విషయంలోనూ అడగవచ్చు. వాహనం కదలకుండా ఉన్నా అది 'వినియోగం'లో ఉన్నట్టే కావచ్చని 1991లో శివాజీ దయాను పాటిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తోటి లాయర్లు ఇద్దరు "ఎఫ్‌ఐఆర్ ఇలా ఉంది కదా, ఐదు లక్షలు తీసుకుని బయటపడండి" అన్నారు. సలహా చెడ్డది కాదు. కానీ 164 కింద వచ్చింది ఒకసారి తీసుకుంటే 166 కింద వేసిన క్లెయిము రద్దైపోతుంది. ఆ పిల్లలకు ఏడేళ్లు, నాలుగేళ్లు. మేస్త్రి సంపాదన లెక్క కట్టుకుంటే ఐదు లక్షలు మూడు నాలుగేళ్లకు మించి రావు. ఆధారాలు వెతకకముందే ఆ తలుపు మూయకూడదనుకున్నాను. తప్పును నిరూపించాల్సిన 166 దారినే ఎంచుకున్నాను.

ఫలించని ప్రయత్నాలు

ముందు పోలీసుల వైపు వెళ్లాను. అది పొరపాటు. కేసు తిరిగి విచారించి లారీ డ్రైవర్‌ను నిందితుడిగా చేర్చమని పై అధికారికి అర్జీ పెట్టించాను. డ్రైవర్ మీద ఛార్జిషీట్ ఉంటే ట్రిబ్యునల్‌లో (ప్రమాద పరిహారం తేల్చే కోర్టులో) సగం పని అయిపోతుందని నా ఆశ. జవాబు రాలేదు, మూడు వారాలు పోయాయి. నలభై రోజుల్లో మూడు వారాలంటే ఎంతో చదివేవారికి తెలుసు. అసలు క్లెయిముకు ఛార్జిషీట్ తప్పనిసరి కాదు. ట్రిబ్యునల్‌లో కావలసింది సంభావ్యతల మొగ్గు (ఏ వైపు కథనం నిజమయ్యే అవకాశం ఎక్కువో అది) మాత్రమేనని, క్రిమినల్ కేసులోలా సందేహాతీతంగా రుజువు చేయనక్కర్లేదని 2009లో బిమలాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సంగతి తెలిసీ నేను ఎఫ్‌ఐఆర్ నీడ నుంచి బయటపడలేకపోయాను.

రెండోది సీసీ కెమెరా. ప్రమాద స్థలానికి అర కిలోమీటరు ముందు ఒక దాబా ఉంది. లారీ లైట్లు వెలుగుతున్నాయో లేదో అందులో దొరుకుతుందని వెళ్లాను. ఆ రికార్డు నెల లోపే చెరిగిపోయి కొత్తది పడుతుందట. ఎదురుగా ఉన్న టీ కొట్టతను లారీ సాయంత్రం నుంచీ అక్కడే ఉందని, వెనక లైటు ఏదీ లేదని నాకు స్పష్టంగా చెప్పాడు. కోర్టుకు మాత్రం రానన్నాడు. లారీలవాళ్లు రోజూ అతని కొట్టు దగ్గరే ఆగుతారు. బలవంతం చేయలేదు. సమన్లు ఇచ్చి రప్పించినా, ఇష్టం లేని సాక్షి క్రాస్‌లో (ఎదుటి లాయర్ అడిగే ప్రశ్నల్లో) ఏం చెబుతాడో ఎవరికీ తెలియదు.

తెల్ల గీత

గడువుకు పన్నెండు రోజుల ముందు ఎం.వి.ఓ.పి. (ట్రిబ్యునల్‌లో వేసే క్లెయిము పిటిషన్) దాఖలు చేశాం, భార్యాపిల్లలు, తల్లి తరఫున ఒకటి, గాయపడిన బావమరిది తరఫున వేరే ఒకటి. ఆ తర్వాత పోలీసు రికార్డు నకళ్లు తీసి తీరిగ్గా కూర్చుని చదివాను. కేసు మలుపు తిరిగింది అక్కడే.

స్థల పంచనామాలో లారీ 'రోడ్డు మార్జిన్‌లో' ఉందని రాశారు. దానికి జతచేసిన రఫ్ స్కెచ్‌లో మాత్రం డివైడర్ రాయి నుంచి లారీ కుడి వెనక చక్రం దాకా 5.6 మీటర్లు అని చిన్న అక్షరాల్లో వేశారు. రాసినవారు ఆ అంకె అర్థమేమిటో ఆలోచించలేదనుకుంటాను. నేను టేపు తీసుకుని ఆ చోటికి వెళ్లాను. డివైడర్ రాయి నుంచి రోడ్డు ఎడమ అంచున ఉండే తెల్ల గీత దాకా కొలిస్తే 7.5 మీటర్లు వచ్చింది. అంటే లారీ కుడి చక్రం గీతకు లోపల 1.9 మీటర్ల దూరంలో, బండ్లు పోయే లేన్‌లో ఉంది. లారీ వెడల్పు దాదాపు రెండున్నర మీటర్లు. గీతకు అవతల మార్జిన్‌లో ఉన్నది అరవై సెంటీమీటర్లు మాత్రమే. మిగతా లారీ అంతా ఎడమ లేన్‌లో, మూడున్నర మీటర్ల లేన్‌లో సగానికి పైగా ఆక్రమించి నిలబడి ఉంది.

పోలీసు ఫోటోల్లో ఒకటి వెనక నుంచి తీసింది, ఫ్లాష్ వెలుతురులో. దాన్ని పెద్దది చేయించి చూస్తే, తెల్ల గీత లారీ కిందికి దూరి ఎడమ చక్రానికి కాస్త లోపలగా వెళ్తూ కనిపించింది. ఎడమ చక్రాల జత మాత్రమే గీత దాటి ఉంది. అదే ఫోటోలో లారీ వెనక రెండు చెట్టు కొమ్మలు పడి ఉన్నాయి. కొమ్మల ఆకులు పచ్చగా, నలగకుండా ఉన్నాయి. ప్రమాదానికి ముందే అక్కడ ఉంటే మోటార్ సైకిల్ వాటి మీదుగా వచ్చి ఉండాలి. ఆ కొమ్మలు తర్వాత పెట్టినవని నా వాదన.

ఎం.వి.ఐ. (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు ఇంకో ఆధారం. 'మెకానికల్ లోపం వల్ల జరిగిన ప్రమాదం కాదు' అన్న ఆఖరి వాక్యాన్ని లారీ ఇన్సూరెన్సు కంపెనీ తన కౌంటర్‌లో (లిఖిత జవాబులో) పెద్దగా ఎత్తి చూపింది. ఆ వాక్యానికి పైన ఉన్న వరసలను ఎవరూ చదవలేదు. లారీకి దెబ్బ తగిలింది కుడి వెనక మూలన. కుడి టైల్ ల్యాంప్ పగిలిపోయింది. ఎడమ టైల్ ల్యాంప్ అద్దం చెక్కుచెదరలేదు, కానీ లోపల బల్బు లేదు. వెనక రిఫ్లెక్టివ్ టేపు లేదు. దెబ్బ తగలని ల్యాంప్‌లో బల్బు లేకపోవడానికి ప్రమాదం కారణం కాదు కదా. అది ఆ రాత్రి వెలిగే అవకాశమే లేదు. రిపోర్టు ఇచ్చిన అధికారిని సాక్షిగా పిలిపించి "మెకానికల్ లోపం లేదంటే ఏమిటి" అని అడిగాను. బ్రేకులు, స్టీరింగ్ బాగున్నాయని దాని అర్థమని, లైట్ల సంగతి అందులోకి రాదని చెప్పారు.

మోటార్ సైకిల్‌కు దెబ్బ ఎడమ హ్యాండిల్, ఎడమ క్రాష్ గార్డ్ మీద పడింది. అతను చివరి క్షణంలో లారీని చూసి బండిని కుడికి తిప్పాడు. నిద్రమత్తులోనో మద్యం మత్తులోనో ఉన్నవాడు అలా తిప్పడు. పోస్ట్‌మార్టం రిపోర్టులో కడుపులో మద్యం వాసన లేదని రాసి ఉంది. ఆ వాక్యం తల్లికి చదివి వినిపించాను. కేసుకు అది చిన్న విషయమే అయినా, ఆమెకు కాదు.

పెట్రోలింగ్ రిజిస్టర్: రెండు వైపులా పదునున్న ఆధారం

లారీ అక్కడ ఎంతసేపటి నుంచి ఉందో తెలియాలి. ఇప్పుడే టైరు పేలిందంటే డ్రైవర్ మీద తప్పు మోపడం కష్టం. హైవే మీద తిరిగే పెట్రోలింగ్ వాహనానికి రిజిస్టర్ ఉంటుంది. దాన్ని సమన్ల ద్వారా తెప్పించాను. సాయంత్రం 6.40కి 'గ్రానైట్ లారీ, టైరు పేలింది, డ్రైవర్ లేడు, క్లీనర్ ఉన్నాడు, కోన్లు 2 పెట్టాం' అని ఉంది. జనవరి చివర్లో మా వైపు ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. అంటే చీకట్లో రెండు గంటల పది నిమిషాలు ఆ లారీ అలాగే ఉంది.

కానీ 'కోన్లు పెట్టాం' అన్న మాట మాకు ప్రమాదకరం. హెచ్చరిక ఉందని కంపెనీ వాదించవచ్చు. దీన్ని ఎగ్జిబిట్‌గా మార్క్ చేయించాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. తర్వాతి పేజీ తిప్పితే 8.05కి ఇంకో ఎంట్రీ: వేరే చోట ప్రమాదం, కోన్లు అక్కడికి తరలింపు. ప్రమాద సమయానికి కోన్లు లేవు. ఫోటోల్లోనూ లేవు. రెండు ఎంట్రీలూ కలిపి పెట్టాను.

దాంతో కొత్త ప్రశ్న లేచింది. కోన్లు తీసేసిన రహదారి నిర్వహణ సంస్థను కూడా ప్రతివాదిగా చేర్చాలా? న్యాయంగా చూస్తే వారి పాత్రా ఉంది. కానీ ట్రిబ్యునల్ ముందు సాధారణంగా నిలబడేది వాహన యజమాని, డ్రైవర్, ఇన్సూరెన్సు కంపెనీ. మరొకరిని లాగితే అధికార పరిధి మీదే ఏడాది వాదన నడుస్తుంది. ఉమ్మడిగా తప్పు చేసినవారిలో ఎవరి నుంచైనా మొత్తం పరిహారం రాబట్టవచ్చని 2015 ఖెన్యేయి తీర్పు చెబుతోంది. అందుకే చేర్చలేదు. పిల్లల స్కూలు ఫీజు ఆలోచించి తీసుకున్న నిర్ణయమే అయినా, ఆ సంస్థ జవాబు చెప్పకుండా తప్పించుకుందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

క్రాస్‌లో పడిన దెబ్బ

బావమరిదే మా ప్రత్యక్ష సాక్షి. "సీకటిగా ఉందండి. మా బావ 'ఒరే' అన్నాడు. అంతే, నాకింకేటీ తెలీదు" అని చెప్పాడు. క్రాస్‌లో కంపెనీ లాయర్ గారు వేగం అడిగారు. "అరవై ఉంటాదండి" అన్నాడు. నలభై అని చెబుతాడని నేను అనుకోలేదు, నేర్పించనూ లేదు. కానీ ఆ జవాబు వినగానే టెన్షన్ వచ్చింది. అప్పటిదాకా 'నెమ్మదిగా వచ్చాడు' అన్నదే నా వాదన.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 16.7 మీటర్లు. చూసి బ్రేకు మీద కాలు పడేలోపు సెకనున్నర, అంటే 25 మీటర్లు. ఆపైన బండి ఆగడానికి ఇంకో 20, 25 మీటర్లు. డిమ్ లైటులో దుమ్ము పట్టిన లారీ, లైటు లేదు, టేపు లేదు. యాభై మీటర్ల దూరం నుంచి అది కనపడదు. అదే చోట ఎర్ర లైటు ఒక్కటి వెలిగి ఉంటే అర కిలోమీటరు నుంచి తెలుస్తుంది. నాలుగు లేన్ల రహదారి మీద ద్విచక్ర వాహనానికి 2018 కేంద్ర నోటిఫికేషన్ ఇచ్చిన గరిష్ఠ వేగం 80. అరవై అతివేగం కాదు. కాబట్టి వాదన మార్చాను: అతను 60లోనే వచ్చాడు, ఆ వేగంలో వెళ్లే హక్కు అతనికుంది, అలా వెళ్లేవాడికి ఆ లారీ తప్పించుకునే అవకాశం ఇవ్వలేదు. సాక్షి నిజం చెప్పడం వల్ల అతని మిగతా మాటలకూ విలువ పెరిగిందని తీర్పు చదివాక తెలిసింది.

లైసెన్సు, హెల్మెట్ సంగతి ఎక్కువసేపు పట్టలేదు. లైసెన్సు లేకపోవడం ఒక్కటే నిర్లక్ష్యం కాదని 2008 సుధీర్ కుమార్ రాణా తీర్పు ఉంది. మరణానికి కారణం ఛాతీ నలిగిపోవడం, తలకు దెబ్బ కాదు. హెల్మెట్ ఉన్నా ఆ ప్రాణం నిలిచేది కాదు. తల గాయం వల్ల చనిపోయి ఉంటే ఈ వాదన నేను చేయగలిగేవాడిని కాను.

కంపెనీ తన తరఫున ఒక ఆఫీసు ఉద్యోగిని మాత్రమే సాక్షిగా పెట్టింది. లారీ యజమాని, డ్రైవర్ ఎక్స్‌పార్టీ, అంటే కోర్టుకే రాలేదు. లారీని ఎలా ఆపాడో, లైట్లు వేశాడో లేదో చెప్పాల్సిన మనిషి డ్రైవర్, అతన్ని పిలిపించలేదు. చట్టం 122 సెక్షన్ బండిని ప్రమాదకరమైన స్థితిలో నిలిపి ఉంచవద్దంటోంది. ఆ పని చేసినవాడు బోనెక్కకపోతే ఆ మౌనాన్ని అతని పక్షానికి వ్యతిరేకంగానే తీసుకోవాలని వాదించాను.

తీర్పు

2024 ఆగస్టులో తీర్పు వచ్చింది. ప్రమాదానికి ప్రధాన కారణం లారీయే అన్నారు. అయితే లారీకి కుడి పక్క రోడ్డు ఖాళీగా ఉంది కాబట్టి మృతుడు ఇంకొంత జాగ్రత్త పడాల్సిందని 20 శాతం అతని మీద వేశారు. నేను చూపిన 5.6 మీటర్ల కొలతే దానికి ఆధారమైంది. ఆర్చిత్ సైనీ (2018), జుమానీ బేగం (2020) తీర్పులు ఇచ్చాను. అక్కడ వాహనం రోడ్డు మధ్యలో ఉందని, ఇక్కడ కొంత మార్జిన్‌లో ఉందని తేడా చూపించారు.

లెక్క ఇలా: ఆదాయానికి రుజువు లేదు కాబట్టి నెలకు 12,000. నలభై ఏళ్ల లోపు స్వయం ఉపాధి కాబట్టి ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం ముందు ముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపి 16,800. నలుగురు ఆధారపడినవారు కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 12,600. ఏడాదికి 1,51,200. 34 ఏళ్లకు సరళా వర్మ తీర్పు ప్రకారం గుణకం (వయసును బట్టి ఏడాది మొత్తాన్ని హెచ్చవేసే అంకె) 16, వెరసి 24,19,200. అంత్యక్రియలు, ఎస్టేట్ నష్టం (మృతుడి ఆస్తికి కలిగిన నష్టం), నలుగురి సాంగత్య నష్టం (అయినవాడి తోడు పోయినందుకు ఇచ్చేది) కలిపి మొత్తం 26,49,100. అందులో 20 శాతం పోగా 21,19,280, ఆపైన వడ్డీ.

బావమరిది కేసులో కోత లేదు. వెనక కూర్చున్నవాడికి బండి నడపడంలో పాత్ర లేదు. బావ తప్పు కొంత ఉన్నా లారీ ఇన్సూరెన్సు కంపెనీ నుంచి మొత్తం తీసుకోవచ్చు. ఒకే ప్రమాదం, ఒకే బండి, ఇద్దరికి రెండు లెక్కలు. రెండు క్లెయిములూ విడిగా వేయడం వల్లే ఇది సాధ్యమైంది.

లారీకి ఫిట్‌నెస్ లేదు కాబట్టి డబ్బు కట్టబోమన్న కంపెనీ వాదనకు, ముందు బాధితులకు చెల్లించి తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమన్నారు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి

ఇలాంటి కేసు వస్తే ఎఫ్‌ఐఆర్ చివరన చదువుతున్నాను. ముందు స్కెచ్‌లోని అంకెలు, తర్వాత ఎం.వి.ఐ. రిపోర్టులో దెబ్బలు పడిన చోట్లు, తర్వాత పోస్ట్‌మార్టం. ఆపైన చోటుకు వెళ్లి కొలుస్తాను. పోలీసుల దగ్గర అర్జీ పెట్టినా దాని కోసం క్లెయిము ఆపను. ప్రమాదం జరిగిన ఇంటివాళ్లకు చెప్పేది ఒకటే: దినకార్యాలు అయ్యాక రండి, సంవత్సరీకం దాకా ఆగకండి. ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి, కెమెరా రికార్డు నెలైనా ఆగదు. ఆ చోట ఫోటోలు తీసేవాళ్లు లారీ నంబరు ఒక్కటే తీయకుండా చక్రాలు, తెల్ల గీత, వెనక లైట్లు పడేలా తీయండి.

20 శాతం కోత మీద అప్పీలు వేద్దామా అని మేస్త్రి భార్యను అడిగినప్పుడు "ఇంక సాలు బాబూ, తిరగలేను" అంది. మూడు వారాలకు, 2024 సెప్టెంబరులో, సుష్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. రాత్రిపూట హైవే మీద లైట్లు, హెచ్చరికలు లేకుండా వదిలేసిన ట్రైలర్‌ను కారు గుద్దిన కేసు అది. గుద్దినవారి మీద వేసిన నిర్లక్ష్యాన్ని కోర్టు తీసేసింది. ఆ తీర్పు తెలుగులో విడమరిచి చెప్పాను. ఆమె అంతా విని, "అయితే మావోడి తప్పు లేదని రాస్తారా?" అని అడిగింది. డబ్బు గురించి అడగలేదు. రాయమని అడుగుదాం అన్నాను. వకాలత్ మీద సంతకం చేసింది. 173 సెక్షన్ కింద 90 రోజుల గడువులోనే హైకోర్టులో అప్పీలు వేశాం. అది విచారణకు రావలసి ఉంది.